కొత్త జీతం, పాత బకాయి: బిడ్డల హక్కు

ప్రథమ ఖుత్బా

సకల స్తోత్రాలు సమస్త లోకాలను పోషిస్తున్న అల్లాహ్‌కే శోభిస్తాయి. మనం ఆయననే కీర్తిస్తున్నాము, ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము, ఆయన క్షమాభిక్షనే కోరుతున్నాము. అల్లాహ్ తప్ప మరో ఆరాధ్యుడు లేడని, ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆయన దాసులు, ఆయన ప్రవక్త అని సాక్ష్యమిస్తున్నాము. అమ్మా బాద్.

ధార్మిక సోదరులారా, తెర వెనుక ఆసీనులైన సోదరీమణులారా! ముందుగా మాకు మేము, ఆ తరువాత మీకు తఖ్వాను గురించి హితవు చెప్పుకుంటున్నాము. తఖ్వా అనేది నమాజు చాపపై మాత్రమే కనిపించేది కాదు. జీతం చేతికి వచ్చిన రోజున, ఆ డబ్బును ఎవరి ముందు మొదట ఉంచుతామన్న దానిలోనూ అది కనిపిస్తుంది. నేటి ప్రసంగం ఆ విషయం గురించే.

ఎవరికైనా కొత్తగా ఉద్యోగం దొరికితే మన ఇళ్లలో ఎంత సంతోషమో మనందరికీ తెలుసు. జుమా తరువాత మిఠాయి పంచుతారు. ఇమాము వద్దకు వచ్చి బర్కత్ కోసం దుఆ చేయమంటారు. మస్జిద్ పెట్టెలో సదఖా వేస్తారు. గల్ఫ్‌కు వెళ్లేవారైతే బంధువులందరి ఇళ్లకు వెళ్లి సెలవు తీసుకుంటారు. ఇవన్నీ మంచివే. అల్లాహ్ అనుగ్రహాన్ని చూసి సంతోషించటం కృతజ్ఞతలో భాగం. అయితే ఈ సంతోషం నడుమ కొందరి విషయంలో ఒక ఇంటికి మాత్రం కబురు వెళ్లదు. ఆ ఇంట్లో అతని సొంత బిడ్డ ఉంటుంది. తలాఖ్ అయి గాని, ఖులా అయి గాని, ఏదీ తేలక విడిగా ఉండి గాని, ఆ బిడ్డ తల్లితో పాటు నానా ఇంట్లో పెరుగుతూ ఉంటుంది. నెలనెలా పంపుతానన్న ఖర్చు ఆగిపోయి ఏడాది అవుతుంది, రెండేళ్లవుతుంది, మూడేళ్లవుతుంది. ఉద్యోగం వచ్చిందని తెలిస్తే బకాయి అడుగుతారన్న భయంతో ఆ కబురును వారి వద్ద దాచమని స్నేహితులకు, బంధువులకు చెప్పేవారు కూడా ఉన్నారు.

సోదరులారా! ఏ బిడ్డ నోటి వద్దకు చేరవలసిన ఉపాధి ఇదో, ఆ బిడ్డ నుంచే దానిని దాచి, అదే ఉపాధిలో బర్కత్ ఇవ్వమని అల్లాహ్‌ను వేడుకోవటం ఎలా సాధ్యం?

దివ్య ఖుర్ఆన్‌లోని 65వ సూరా పేరే సూరె తలాఖ్. దానిలోని 6, 7 ఆయతులను గమనించండి. విడిపోయిన దంపతుల మధ్య పాలు త్రాగే పసిబిడ్డ ఉన్నప్పుడు, ఆ తల్లికి ప్రతిఫలం ఇవ్వమని, మీరు పరస్పరం మంచి రీతిలో సంప్రదించుకోమని అల్లాహ్ ఆజ్ఞాపించాడు. ఆ వెంటనే, కలిగినవాడు తన కలిమిని బట్టి ఖర్చు పెట్టాలని, ఉపాధి కుంచించుకుపోయినవాడు అల్లాహ్ తనకు ఇచ్చిన దానిలో నుంచే ఖర్చు పెట్టాలని సెలవిచ్చాడు. ఏ ప్రాణిపైనా తాను ఇచ్చిన దానికి మించిన భారం మోపనని అభయమిచ్చాడు. ఆ ఆయతును ముగిస్తూ ఒక శుభవార్త వినిపించాడు: ఇక్కట్టు తరువాత అల్లాహ్ సౌలభ్యాన్ని ప్రసాదిస్తాడు.

కష్టం తరువాత సుఖం వస్తుందన్న మాటను మనం ఎన్నో సందర్భాలలో చెప్పుకుంటాము. పరీక్ష తప్పిన విద్యార్థికి చెబుతాము, వ్యాపారంలో నష్టపోయినవారికి చెబుతాము. కాని సూరె తలాఖ్‌లో ఈ శుభవార్త ఎవరికి వినిపించబడిందో చూడండి. విడిపోయిన తరువాత కూడా బిడ్డ కోసం ఖర్చు పెట్టవలసిన తండ్రికి వినిపించబడింది. చేతిలో కొంచెమే ఉన్నా దానిలో నుంచే ఇవ్వు, సౌలభ్యం కలిగించేది నేను అని ప్రభువు అతనికి ధైర్యం చెప్పాడు. కనుక ఉద్యోగం లేని రోజులు గడిచి, కొత్త ఉద్యోగం దొరికిన తండ్రి ఒక విషయం గ్రహించాలి. ఆ వాగ్దానంలోని సౌలభ్యం అతని చేతికి వచ్చేసింది. ఇక మిగిలింది అతని వంతు.

బకాయి గురించి మనలో ఒక భ్రమ ఉంది. పంపని డబ్బు పంపనట్లే గాలిలో కలిసిపోయిందని, గడిచిన నెలలు గడిచిపోయాయని కొందరు అనుకుంటారు. ఆ నెలలలో ఆ బిడ్డ అన్నం తినకుండా ఉన్నదా? బడికి వెళ్లకుండా ఉన్నదా? జ్వరం వస్తే మందు వేయకుండా ఉన్నారా? రంజాన్ పండుగకు ఒక జత బట్టలైనా కుట్టించకుండా ఉన్నారా? బిడ్డ తిన్నది, చదివింది, ఎదిగింది. అంటే ఆ ఖర్చును ఎవరో ఒకరు భరించారు. తండ్రి పంపని ప్రతి రూపాయి మరొకరి భుజానికి ఎక్కింది. వెతికితే అది ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది. కొంత నానీ తాకట్టు పెట్టిన గాజులలో ఉంటుంది. కొంత కిరాణా కొట్టు ఖాతా పుస్తకంలో ఉంటుంది. కొంత తల్లి తీసుకున్న పొదుపు సంఘం అప్పులో ఉంటుంది. కొంత మామూ తన పిల్లల ఫీజు ఆపి మేనకోడలి ఫీజు కట్టిన రసీదులో ఉంటుంది. తండ్రి మరచిపోయిన లెక్క మరొకరి ఇంట్లో వడ్డీతో సహా పెరుగుతూ ఉంటుంది.

కొంతకాలం క్రితం ఒక యువకుడు మా వద్దకు వచ్చాడు. అంతకు మూడేళ్ల క్రితం పని పోయి, అక్కడా ఇక్కడా కూలి చేసుకుంటూ గడిపిన అతనికి ఒక సంస్థలో డ్రైవరుగా స్థిరమైన ఉద్యోగం దొరికింది. దుఆ చేయించుకుని, మస్జిద్ కోసమని ఐదు వందల రూపాయలు చేతిలో పెట్టాడు. ఇంటి విషయాలు అడిగితే, తొమ్మిదేళ్ల కూతురు ఉందని, తల్లి దగ్గర వేరే ఊరిలో ఉంటుందని చెప్పాడు. ఖర్చు పంపుతున్నావా బాబూ అని అడిగాము. తల వంచుకున్నాడు. “మౌలానా సాబ్, పని పోయిన మొదటి రెండు నెలలు పంపలేకపోయాను. సిగ్గుతో ఫోను ఎత్తలేదు. ఫోను ఎత్తలేదు కాబట్టి తరువాత పంపటానికి ముఖం చెల్లలేదు. ఇప్పుడు ఏ ముఖంతో మాట్లాడేది?” అన్నాడు.

సోదరులారా! ఈ మాటలో ఒక సత్యం ఉంది. ఖర్చు పంపని తండ్రులందరూ కఠిన హృదయులు కారు. పేదరికం ఒక నెల ఖర్చును ఆపుతుంది, సిగ్గు మిగిలిన నెలల ఖర్చును ఆపుతుంది. షైతాన్ ఆ సిగ్గునే తలుపుకు గొళ్లెంగా బిగిస్తాడు. మొత్తం కూడబెట్టి ఒకేసారి తలెత్తుకుని వెళ్తానని తండ్రి అనుకుంటాడు. ఆ మొత్తం ఎన్నడూ కూడదు, ఆ తలుపు ఎన్నడూ తెరచుకోదు. ఈలోగా బిడ్డ పెద్దదవుతుంది.

మేము అతనితో చెప్పినది ఇదే: నీవు మస్జిద్‌కు ఇచ్చిన ఈ ఐదు వందలు నీ కూతురివి. ముందుగా వీటిని ఆమెకు పంపు, ఉద్యోగం వచ్చిన సంగతి కూడా చెప్పు. రెండు కుటుంబాలూ గౌరవించే ఒక పెద్దమనిషి ద్వారా కబురు పంపించాము. ఆ పాప నానా కోపగించుకుంటారనే అతను భయపడ్డాడు. ఆయన కోపగించుకున్నారు కూడా. కాని ఆ తరువాత ఒక నోటు పుస్తకం తెచ్చి ముందు ఉంచారు. మూడేళ్లలో మనవరాలికి అయిన ఖర్చంతా దానిలో ఉంది. “వసూలు చేయటానికి వ్రాయలేదు, తండ్రి ఎప్పుడైనా వస్తే చూపించటానికి వ్రాశాను” అన్నారాయన. ఆ బకాయి ఇంకా పూర్తిగా తీరలేదు. అయితే ప్రతి నెలా కొంత తీరుతూ ఉన్నది, ఆ పాప తండ్రితో మాట్లాడుతూ ఉన్నది.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఈ విషయంలో మనకు ఎలాంటి సందేహమూ మిగల్చలేదు. తాను పోషించవలసినవారిని ఆకలికి వదలివేయటమే మనిషిని పాపాత్మునిగా చేయటానికి చాలునని ఆయన హెచ్చరించారు. దైవమార్గంలో ఖర్చు చేసిన దీనారు, బానిస విముక్తికి ఇచ్చిన దీనారు, పేదవానికి దానం చేసిన దీనారు, కుటుంబంపై ఖర్చు చేసిన దీనారు, ఈ నాలుగింటిలో కుటుంబంపై ఖర్చు చేసిన దానికే అధిక పుణ్యమని బోధించారు. సహీహ్ ముస్లింలోని ఈ హదీసును దృష్టిలో ఉంచుకుని ఆలోచించండి. బిడ్డకు ఇవ్వవలసినది ఆపి మస్జిద్‌కు, మద్రసాకు, దావతులకు ఇచ్చేవాడు ఎక్కువ పుణ్యాన్ని వదలి తక్కువ పుణ్యాన్ని ఎంచుకున్నవాడు మాత్రమే కాదు, ఒకరి హక్కును మరొకరికి దానం చేసినవాడు.

అబూ సుఫ్యాన్ (రజి) భార్య హజ్రత్ హింద్ బిన్తె ఉత్బా (రజి) ఉదంతం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్నది. నా భర్త చేతి బిగువు గల మనిషి, నాకూ నా బిడ్డలకూ చాలినంత ఇవ్వడు అని ఆమె ఫిర్యాదు చేసినప్పుడు, నీకూ నీ సంతానానికీ సరిపోయేటంత, న్యాయమైన రీతిలో అతని సొమ్ములో నుంచి తీసుకోమని ప్రవక్త (స) అనుమతించారు. హింద్ సామాన్యురాలు కాదు, ఖురైష్ నాయకుని కుమార్తె. నీకు పుట్టింటివారు ఉన్నారు కదా అని ప్రవక్త (స) ఆమెను పంపివేయలేదు. బిడ్డల పోషణ తండ్రి సొమ్ములోనే ఉన్నదని తీర్పు ఇచ్చారు. తల్లి ఉద్యోగం చేస్తున్నది, ఆమె అన్నదమ్ములు స్థితిమంతులు అని చెప్పి తప్పుకునే తండ్రులకు ఇది చాలినంత సమాధానం.

హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా ఉన్న కాలంలో సైనికులు కొందరు ఇల్లు విడిచి సుదూర ప్రాంతాలలో ఉండిపోయారు. వారి భార్యలకు ఖర్చు అందటం లేదని తెలిసి ఆయన సేనాధిపతులకు లేఖ వ్రాశారు. అటువంటివారు ఖర్చు పంపాలి, లేదా తలాఖ్ ఇవ్వాలి, తలాఖ్ ఇచ్చేటట్లయితే అంతవరకు ఆపి ఉంచిన ఖర్చును కూడా పంపాలి అన్నది ఆ ఆదేశం. అది భార్యల భరణానికి సంబంధించినదే అయినా, దానిలోని నీతి నేటి మన కుటుంబాలకు సూటిగా తగులుతుంది. నిజామాబాద్, జగిత్యాల, కడప ప్రాంతాల నుంచి దుబాయికి, దమ్మామ్‌కు, కువైట్‌కు వెళ్లిన మన సోదరులు వేలాది మంది ఉన్నారు. దూరంగా ఉండటం బాధ్యత నుంచి సెలవు కాదు. వీసా కోసం ఏజెంటుకు చేసిన అప్పు తీర్చటానికి మొదటి నెల నుంచే తొందరపడతాము, ఎందుకంటే అతను ఇంటి ముందుకు వచ్చి అరుస్తాడు. బిడ్డ అరవదు. అందుకే ఆమె బాకీ చివరకు పోతుంది. అరిచేవాడి అప్పు ముందు, అరవలేని వారి హక్కు వెనుక అన్న ఈ వరుసను తఖ్వా గలవాడు తిరగవేయాలి.

ఇక మనం తరచుగా వినే కొన్ని సాకులను పరిశీలిద్దాము.

ఆమెకూ నాకూ బంధం తెగిపోయింది కదా అంటారు కొందరు. తెగినది నికాహ్ బంధం. తండ్రీ బిడ్డల బంధాన్ని తెంచే తలాఖ్ ఏదీ షరీఅత్‌లో లేదు. ఆ బిడ్డ పేరు పక్కన నీ పేరే ఉంటుంది. సంతానాన్ని తండ్రుల పేరుతోనే పిలవమని సూరె అహ్‌జాబ్ ఆదేశించింది. నీవు మరణిస్తే ఆ బిడ్డ నీకు వారసురాలు, ఆమె మరణిస్తే నీవు ఆమెకు వారసుడవు. వారసత్వం ఉన్నదని ఒప్పుకునేవాడు పోషణ లేదని ఎలా అనగలడు?

బిడ్డను చూడనివ్వటం లేదు, కనుక నేను ఇవ్వను అంటారు మరికొందరు. చూడనివ్వకపోవటం ఒక అన్యాయమైతే, దానికి బదులుగా బిడ్డ అన్నాన్ని ఆపటం మరో అన్యాయం. ఈ రెండింటిలోనూ దెబ్బ తగిలేది బిడ్డకే. చూసే హక్కు కోసం పెద్దలను ఆశ్రయించు, న్యాయస్థానాన్ని ఆశ్రయించు. పోషణను మాత్రం ఆపకు.

నేను పంపిన డబ్బు తల్లి వాడుకుంటుంది అంటారు ఇంకొందరు. బిడ్డ అన్నం తల్లి అన్నం ఉడికే గిన్నెలోనే ఉడుకుతుంది. బిడ్డ నిద్రించేది తల్లి అద్దె కట్టే ఇంట్లోనే. అయినా అనుమానం తీరకపోతే ఇరువైపులా అంగీకరించి బడి ఫీజును బడికే, మందుల ఖర్చును దుకాణానికే చెల్లించే ఏర్పాటు చేసుకోవచ్చు. అనుమానం చెల్లింపు పద్ధతిని మార్చవచ్చు గాని, చెల్లింపును రద్దు చేయజాలదు.

ఇప్పుడు నాకు మరో భార్య, మరో ఇద్దరు పిల్లలు ఉన్నారు అనేవారూ ఉన్నారు. హజ్రత్ నుమాన్ బిన్ బషీర్ (రజి) తండ్రి తన బిడ్డలలో ఒకరికి మాత్రమే కానుక ఇచ్చి, దానికి ప్రవక్త (స) వారిని సాక్షిగా ఉండమని కోరినప్పుడు, ఆయన దానికి సాక్షిగా ఉండటానికి నిరాకరించారు, సంతానం మధ్య న్యాయం చేయమని ఆదేశించారు. కానుక విషయంలోనే ఇంత పట్టింపు ఉంటే, ఒక ఇంట్లోని పిల్లలకు అన్నం, మరో ఇంట్లోని పిల్లలకు మౌనం అన్న పంపకానికి మనలో ఎవరు సాక్షిగా నిలబడగలరు?

అల్లాహ్ మాకూ మీకూ ఖుర్ఆన్ ద్వారా మేలు కలుగజేయుగాక! ఆయనను క్షమాపణ వేడుకుంటున్నాము. మీరు కూడా వేడుకోండి. నిస్సందేహంగా ఆయన క్షమించేవాడు, కరుణించేవాడు.

ద్వితీయ ఖుత్బా

అల్‌హందులిల్లాహ్, వస్సలాతు వస్సలాము అలా రసూలిల్లాహ్.

ధార్మిక సోదరులారా! మొదటి ఖుత్బాలో బాధ్యత ఏమిటో చెప్పుకున్నాము. దానిని తీర్చే మార్గం ఏమిటో ఇప్పుడు చూద్దాము.

గడిచిన కాలపు పోషణ ఖర్చు న్యాయమూర్తి తీర్పు లేకుండానే అప్పుగా మారుతుందా అన్న విషయంలో మన ఫుఖహాల మధ్య చర్చ ఉన్నది. అయితే న్యాయస్థానం నిర్ణయించిన మొత్తమైనా, పెద్దల సమక్షంలో తండ్రి స్వయంగా ఒప్పుకున్న మొత్తమైనా చెల్లించక తప్పనిదే. ఒప్పందాలను నెరవేర్చమన్నది సూరె మాయిదా మొదటి ఆయతులోని ఆజ్ఞ. తీర్పు గాని, ఒప్పందం గాని లేనివారు తమ పరిస్థితిని పూర్తిగా వివరించి ముఫ్తీని అడగాలి. ఏ చర్చలో తనకు అనుకూలమైన మాట దొరుకుతుందా అని వెతకటం మాత్రం తఖ్వా కాదు. చట్టరీత్యా అప్పు అయినా కాకపోయినా, బిడ్డ కోసం గాజులు తాకట్టు పెట్టిన నానీ ముందు నిలబడినప్పుడు ఏమి చేయాలో మనసుకు తెలుసు.

సూరె బఖరా 280వ ఆయతులో, బాకీపడినవాడు ఇబ్బందులలో ఉంటే అతనికి సౌలభ్యం కలిగేవరకు గడువు ఇవ్వమని అల్లాహ్ సెలవిచ్చాడు. కనుక నిజంగా పని లేని తండ్రికి గడువు ఉన్నది. కాని చెల్లించే స్థోమత ఉండి కూడా వాయిదా వేయటం దౌర్జన్యమని ప్రవక్త (స) చెప్పారు. కొత్త ఉద్యోగం ఈ రెండింటి మధ్య గీత. నిన్నటి వరకు గడువుగా ఉన్నది నేటి నుంచి దౌర్జన్యంగా మారవచ్చు.

అందుచేత ఉద్యోగంలో చేరే తండ్రి మొదటగా చేయవలసినది, బిడ్డ తల్లికి గాని, ఆమె పెద్దలకు గాని ఆ సంగతి తెలియజేయటం. వారికి మరో దారిన తెలిసే లోగా తానే చెప్పిన మాటకు విలువ ఉంటుంది.

రెండవది, లెక్క వ్రాసుకోవటం. అప్పును వ్రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని సూరె బఖరా 282వ ఆయతు ఆదేశించింది. ఉదాహరణకు నెలకు 4,000 రూపాయల చొప్పున 38 నెలలు ఆగిపోయిందనుకుందాము. బకాయి 1,52,000 రూపాయలు. కొత్త జీతం 20,000 రూపాయలు. ఈ నెల నుంచి రావలసిన 4,000 ఆగకుండా వెళ్లాలి. దానికి తోడు బకాయి క్రింద మరో 4,000 వెళితే, ఎన్ని నెలలు ఆగిందో అన్ని నెలలలోనే తీరిపోతుంది. తండ్రి చేతిలో 12,000 మిగులుతుంది. ఇరుకే, కాని అసాధ్యం కాదు. బోనస్ వచ్చినా, అదనపు గంటల వేతనం వచ్చినా దానిలో కొంత చేర్చితే ముందే తీరుతుంది. అంత ఇవ్వలేని పరిస్థితి ఉంటే రెండు వేలతోనైనా మొదలుపెట్టాలి, కాని ఇరువైపులా ఒప్పుకుని, కాగితంపై వ్రాసి మొదలుపెట్టాలి. డబ్బును చేతికి ఇవ్వటం కన్నా బ్యాంకు ద్వారా, ఫోను ద్వారా పంపితే రుజువు ఉంటుంది, తగవు ఉండదు. ఈ ఖర్చును జకాత్ క్రింద లెక్కించుకోవటం చెల్లదు. సొంత సంతానానికి జకాత్ ఇవ్వటం ధర్మసమ్మతం కాదు. ఇది దానం కాదు, బాధ్యత.

మూడవది, ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే కాగితాలు. ఈఎస్‌ఐ వర్తించే సంస్థలో, నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవారికి, వారిపై ఆధారపడిన మైనరు పిల్లలకు కూడా వైద్య సదుపాయం ఉన్నది. కుటుంబ సభ్యుల వివరాలు అడిగిన చోట ఆ బిడ్డ పేరును వదలివేయకండి. భవిష్యనిధి నామినేషన్‌లో కూడా అంతే. ఒక్క పేరు వ్రాయటానికి పైసా ఖర్చు కాదు. ఆ బిడ్డను మీరు లెక్కలో ఉంచుకున్నారనటానికి అది సాక్ష్యం.

నాలుగవది, చట్టం. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 125వ సెక్షన్ స్థానంలో 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్ అమలులోకి వచ్చింది. మనోవర్తి ఉత్తర్వు ఉండి కూడా చెల్లించని తండ్రిపై వారంటు జారీ కావచ్చు, జైలుశిక్ష కూడా పడవచ్చు. జైలుకు వెళ్లి వచ్చినంత మాత్రాన బాకీ తీరిపోదని సుప్రీంకోర్టు 1988లోనే స్పష్టం చేసింది. ముస్లిం తండ్రి కూడా తన మైనరు పిల్లలకు ఈ చట్టం క్రింద మనోవర్తి ఇవ్వవలసిందేనని 1997లో తీర్పు చెప్పింది. విడాకులు పొందిన ముస్లిం మహిళ తన భరణం కోసం ఈ చట్టాన్ని ఆశ్రయించవచ్చని తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో 2024 జులై 10న తీర్పు వచ్చింది. బిడ్డల పోషణను తప్పించుకోవటానికి కోర్టులో షరీఅత్ పేరు చెప్పేవాడు షరీఅత్‌ను కాపాడటం లేదు, దానిపై నింద వేస్తున్నాడు. తండ్రిపై ఈ బాధ్యతను పద్నాలుగు శతాబ్దాల క్రితమే విధించినది ఆ షరీఅతే.

బకాయి వసూలుకు వారంటు కోరేవారు, ఆ మొత్తం చెల్లించవలసిన తేదీ నుంచి ఏడాదిలోగా దరఖాస్తు చేసుకోవాలన్న నిబంధన కూడా ఆ చట్టంలో ఉన్నది. తల్లులు ఈ గడువును గుర్తుంచుకోవాలి. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం జిల్లా న్యాయసేవాధికార సంస్థలో లభిస్తుంది. తండ్రులు మాత్రం ఏడాది దాటిందని సంతోషించవద్దు. కోర్టు గడువు దాటినంత మాత్రాన అల్లాహ్ సన్నిధిలో హక్కు రద్దు కాదు. అలాగే ఉద్యోగం పోయి ఇవ్వలేని స్థితి వచ్చినప్పుడు మౌనంగా ఆపివేయటం మార్గం కాదు. పరిస్థితులు మారినప్పుడు మొత్తాన్ని తగ్గించమని గాని, పెంచమని గాని కోరటానికి అదే చట్టంలోని 146వ సెక్షన్ అవకాశం ఇస్తున్నది.

సోదరీమణులారా! మీకు కూడా ఒక మాట. సూరె బఖరా 233వ ఆయతు, బిడ్డ కారణంగా తల్లిని బాధించరాదని చెప్పినచోటనే బిడ్డ కారణంగా తండ్రిని కూడా బాధించరాదని చెప్పింది. ఆలస్యంగానైనా తలుపు తట్టిన తండ్రిని అవమానించి పంపకండి. వాయిదాలలో ఇస్తానంటే, ఆ మాట నిజమైనదిగా కనిపిస్తే, అంగీకరించండి. బిడ్డ ముందు తండ్రిని తూలనాడకండి. తండ్రిని చూడటం, అతనితో మాట్లాడటం బిడ్డ హక్కు. దానిని డబ్బుకు తాళంచెవిగా మార్చకండి. మూడేళ్లు ఒంటరిగా మోసిన మీ భారం చిన్నదని మేము అనటం లేదు. దానిలోని ప్రతి దినం ప్రభువు వద్ద వ్రాయబడి ఉన్నది.

మొహల్లా పెద్దలారా, మస్జిద్ కమిటీ సభ్యులారా! పెళ్లి సంబంధం కోసం ఒక యువకుని గురించి విచారించినప్పుడు జీతం ఎంత అని అడుగుతాము. మొదటి పెళ్లి బిడ్డలకు ఖర్చు పంపుతున్నాడా అని కూడా అడగాలి. విడిపోయే పంచాయితీలలో సామాను లిస్టు గంటల తరబడి చదువుతాము. బిడ్డ నెల ఖర్చును కూడా అంతే శ్రద్ధగా అంకెలలో వ్రాయించాలి. కొత్తగా ఉద్యోగంలో చేరిన సోదరుడు సిగ్గుతో వెనుకాడుతుంటే అతనిని నలుగురిలో నిలదీయకండి, వెంట వెళ్లి ఆ తలుపు తట్టండి.

చివరగా ఒక ఉదంతం. ఒక జనాజా తెచ్చినప్పుడు ఆ మృతునికి మూడు దీనార్ల అప్పు ఉన్నదని, తీర్చటానికి ఏమీ విడిచి వెళ్లలేదని తెలిసి, మీ సహచరుని నమాజు మీరే చేయండని ప్రవక్త (స) పక్కకు తప్పుకున్నారు. ఆ అప్పు నేను తీరుస్తానని హజ్రత్ అబూ ఖతాదా (రజి) పూచీపడిన తరువాతనే ఆయన నమాజు చేయించారు. మూడు దీనార్ల బాకీ అంత బరువైనదైతే, కన్నబిడ్డ మూడేళ్ల అన్నం ఎంత బరువైనదో ఆలోచించండి. మన జనాజా ముందు అబూ ఖతాదా (రజి) వంటివారు నిలబడతారో లేదో మనకు తెలియదు. మన జీతం మాత్రం ఈ నెల ఒకటో తేదీన వస్తుందని తెలుసు.

ఓ అల్లాహ్! పని లేని మా సోదరులకు హలాల్ ఉపాధిని ప్రసాదించు. పని దొరికినవారికి హక్కుదారుల హక్కులను తీర్చే సద్బుద్ధిని ప్రసాదించు. తండ్రులు దూరమైన బిడ్డలను నీ సంరక్షణలో ఉంచు, వారి హృదయాలను ద్వేషం నుంచి కాపాడు. ఒంటరిగా భారం మోస్తున్న తల్లులకు, నానా నానీలకు ఇహపరాలలో గొప్ప ప్రతిఫలాన్ని అనుగ్రహించు. బాకీల బరువు నుంచి విముక్తులుగా మమ్మల్ని నీ సన్నిధికి చేర్చుకో. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్.

అల్లాహ్ దాసులారా! న్యాయాన్ని, మేలును, బంధువుల హక్కులు నెరవేర్చటాన్ని అల్లాహ్ ఆదేశిస్తున్నాడు. ఆయనను స్మరించండి, ఆయన మిమ్మల్ని స్మరిస్తాడు. నమాజు కోసం లేవండి.